అవతలి కొస మనిషి

వనపర్తిలో మా షాపు ముందు ఒక రేకు బోర్డు వేలాడుతూ ఉంటుంది. "పని నేర్చుకొనువారు కావలెను" అని దాని మీద నేనే ఎర్ర పెయింటుతో రాశాను. ఎండకు ఆ ఎరుపు గులాబీ రంగుకు తిరిగింది, ఇప్పుడు అదీ వెలిసిపోతోంది. రెండేళ్లలో ఆ బోర్డు చూసి లోపలికి అడుగుపెట్టినవాళ్లు ముగ్గురంటే ముగ్గురు. ఒకాయన బస్టాండుకు దారి అడిగాడు. ఇంకొకాయన ఈ అక్షరాలు రాసిన పెయింటరు ఎవరని అడిగాడు. మూడో ఆయనకు వెల్డింగ్ షాపు ఉంది. తనకు కూడా ఇట్లాంటి మనిషే కావాలట, నా దగ్గర ఎవరైనా ఎక్కువైతే అటు పంపమని చెప్పిపోయాడు. ఎక్కువైతేనట! ఆ పూటంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది.

నాది బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు. రైతులు కాలిపోయిన మోటారును బోరులోంచి పైకి లాగి తెస్తారు. లోపల మాడి ముద్దయిపోయిన తీగ పీకేసి కొత్త తీగ చుట్టి ఇవ్వాలి. బోరు మోటారు పొడుగ్గా గొట్టంలా ఉంటుంది. దాని లోపలి గోడకు పొడవునా సన్నటి గాళ్లు ఉంటాయి. ఇవతలి కొస నుంచి నేను తీగను ఒక గాడిలోకి దూరుస్తాను. అవతలి కొసన కూర్చున్న మనిషి దాన్ని అందుకుని, బిగువుగా లాగి, ఇంకో గాడిలోంచి మళ్లీ నా వైపు పంపాలి. అప్పుడు ఒక చుట్టు అయినట్టు. అట్లా ఒక్కోచోట ముప్పై చుట్లు కావచ్చు, నలభై కావచ్చు, అది మోటారును బట్టి ఉంటుంది. ఆ లెక్కలో రెండు మూడు తగ్గాయా, మోటారు వేడెక్కి మళ్లీ కాలుతుంది. మా పనిలో ఉన్న విద్య అంతా ఆ లెక్కే.

అవతలి కొసన మనిషి లేకపోతే ఏం చేయాలి? లేవాలి. స్టూలు మీంచి లేచి, మోటారు చుట్టూ నడిచి, అవతల తీగ లాగి, ఇటు పంపి, మళ్లీ తిరిగొచ్చి కూర్చోవాలి. ఒక్క చుట్టుకు అంత తతంగం. మా ఆవిడ పోయి మూడేళ్లయింది. ఇంట్లోనూ ఒక్కణ్నే, షాపులోనూ ఒక్కణ్నే. యాసంగి పంట కాలంలో రైతులు బెంచీ మీద వరసగా కూర్చుని, మోటారు వైపు కాకుండా నా మోకాళ్ల వైపు చూస్తుంటారు.

"ఉస్తాద్, ఇయ్యాలన్న అయితదా? బుడ్డలు ఊడలు దిగే టైము. నాలుగు దినాల సంది చేన్లకు నీళ్లు లెవ్వు," అని ఒకాయన అడుగుతాడు.

"ఎల్లుండి రాపో," అంటాను. ఎల్లుండికి వేరుశనగ ఆగుతుందా? ఆగదు. ఆ సంగతి నాకూ తెలుసు. ఈ యాసంగి అయ్యేలోగా అవతలి స్టూలు మీదికి ఒక మనిషి రాకపోతే షాపుకు తాళం వేయడమేనని అనుకున్నాను. అప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మోటారు నెత్తిన పెట్టుకుని ఎక్కడెక్కడో తిరగాలి.

పిల్లలు ఎందుకు రావడం లేదో చెప్పడానికి మాత్రం ఊరంతా సిద్ధం. పక్కన టీ బండి నడిపే చెల్లె అయితే రోజూ చెబుతుంది. "ఎందుకొస్తరు అన్నా? హైదరాబాద్‌ల బండి మీద పార్సిళ్లు ఏసుకుంటే నెల తిరిగేసరికి చేతిల పడ్తున్నయ్. నీ తాన కూసుంటే ఏమొస్తది, నడుం నొప్పి తప్ప?" అంటుంది. బెంచీ మీది పెద్దాయన అందుకుంటాడు. "మెకానిక్ అంటే పిల్లనిస్తలేరు బావా. గోదాంల మూటలు మోసినా సరే, కంపెనీ ఉద్యోగం అని చెప్పుకోవాలె." నేను నాకు తోచింది కలుపుతాను. ఈ కాలం పిల్లల మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవంటాను. వేలికి మసి అంటకూడదు, నెత్తిన చెమట పట్టకూడదు, చేతిలోంచి ఫోను మాత్రం దిగకూడదంటాను. అందరం తలలూపుకుని టీ తాగుతాం.

ఇవన్నీ నిజాలే. కానీ నా దగ్గరికి ఎవరూ రాకపోవడానికి వీటన్నిటికంటే ముందున్న కారణం ఒకటుంది. అది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నేను పని నేర్చుకున్నది గద్వాలలో. మాది అలంపూర్ దగ్గర పల్లె. పదిహేడేళ్ల వయసులో మా నాయన నన్ను గద్వాలకు తీసుకుపోయి మా ఉస్తాద్ ముందు నిలబెట్టాడు. "బొక్కలు మావి, తోలు నీది. కొట్టు, తిట్టు, పని మాత్రం నేర్పు," అని చెప్పి వెనక్కి చూడకుండా పోయాడు. ఏడాది పాటు ఊడ్చాను, నీళ్లు మోశాను, ఉస్తాద్ ఇంటికి మాంసం తెచ్చాను. రెండో ఏడు మొదలయ్యాక అవతలి కొసన కూర్చోబెట్టాడు.

మా ఉస్తాద్ గొప్ప మాటకారి. తీగ చేతిలోకి తీసుకున్నాడంటే నోట్లోంచి కథ మొదలయ్యేది. వాటన్నిటిలో నాకు ప్రాణమైనది ఒకటుంది. ఒక పెళ్లికొడుకు ముహూర్తం దాటిపోతోందని, పొంగుతున్న కృష్ణను పుట్టిలో దాటుతుంటాడు. నడి ఏట్లో పుట్టి నడిపేవాడు తెడ్డు ఆపేస్తాడు. "పెండ్లికొడుకా, నీతోని ఒక్క ముచ్చట చెప్పేదుంది," అంటాడు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి చుట్లు పూర్తయ్యేవి. ఉస్తాద్ తీగ తెంపి లేచేవాడు. కథ అక్కడే ఆగేది. తర్వాతిసారి ఇంకో కథ ఎత్తుకునేవాడు.

నన్ను కొడుకులా చూసుకుంటున్నాడనే అనుకున్నాను. అంత పెద్ద మనిషి నాతో ఇన్ని కబుర్లు చెబుతున్నాడంటే అది ప్రేమ కాక ఇంకేమిటి? నేను చుట్లు లెక్కపెట్టకుండా చేయడానికే ఆ కబుర్లని మూడో ఏట గానీ తెలియలేదు. మా పనిలో అది ఆనవాయితీ. అవతలి కొసన కూర్చున్నవాడికి లెక్క చెప్పరు. వాడు పైకి లెక్కపెట్టకూడదు. మనసులో పెట్టుకుంటే ఉస్తాద్ మాటలతో చెడగొడతాడు. తెలిసిన రోజు నాకు ఎంత కోపమొచ్చిందో! ఆ కోపంలోనే దొంగతనం నేర్చాను. పది చుట్లకొకసారి కాలి బొటనవేలితో మట్టినేల మీద గీత గీసుకునేవాణ్ని. అట్లా ఒక్కో మోటారు లెక్క దొంగిలించి, వనపర్తికి వచ్చి సొంత షాపు పెట్టుకున్నాను. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవ్ కదరా," అన్నాడు మా ఉస్తాద్. చనిపోయేదాకా నాతో మాట్లాడలేదు.

ఇంత జరిగాక నేనేం చేశాను? అచ్చం అదే చేశాను. నా దగ్గరికి వచ్చిన పిల్లలకు అవే కథలు చెప్పాను, అవే చోట ఆపాను. లెక్క బయటికి పోతే ఎదురుగానే ఇంకో షాపు లేస్తుందని భయం. రోషమున్నవాడు ఎట్లాగో దొంగిలించుకుని పోయేవాడు. లేనివాడు విసుగొచ్చి పోయేవాడు. రానురాను అది నాకు అలవాటైంది. ఎందుకు మాట్లాడుతున్నానో నేనే మర్చిపోయాను. బజార్లో అందరూ నన్ను కబుర్ల ఉస్తాద్ అనేవారు, నాకూ అది బాగానే ఉండేది.

చివరగా వచ్చినవాడు వడ్డేపల్లి పిల్లగాడు. ఐటీఐ చదివాడు, ఇరవయ్యేళ్లుంటాయి. అమ్మానాన్న పత్తి చేలల్లో కూలికి పోయేవారు. బంగారం లాంటి పిల్లగాడు. మా ఆవిడ పోయిన కొత్తలో వచ్చాడు కాబట్టి, వాడితో నేను మాట్లాడినంతగా నా జన్మలో ఎవరితోనూ మాట్లాడలేదు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు వాడు నా కథలకు పగలబడి నవ్వేవాడు. మధ్యాహ్నం ఇద్దరం ఒక్కచోటే టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్లం. వాళ్ల అమ్మ పంపిన పచ్చడిలో సగం నాకే పెట్టేవాడు. వాడున్న పదకొండు నెలలు నాకు ఇల్లు ఖాళీగా ఉందన్న సంగతి గుర్తుకు రాలేదు.

అప్పుడు కల్వకుర్తిలో మా బావ చనిపోయాడు. అక్క దగ్గర మూడు రోజులు ఉండాల్సి వచ్చింది. ఆ మూడు రోజుల్లో ఒక రైతు కాలిన మోటారు తెచ్చి, చేను ఎండుతోందని మా పిల్లగాడి చేతులు పట్టుకున్నాడు. వీడికి జాలేసింది. టీ బండి చెల్లెను అవతలి కొసన కూర్చోబెట్టి, తనకు తోచిన లెక్కతో చుట్టి ఇచ్చాడు. నాలుగో రోజు పొద్దున నేను బస్సు దిగి వచ్చేసరికి ఆ రైతు మళ్లీ బెంచీ మీద ఉన్నాడు. మోటారు రెండు రోజులు కూడా నడవలేదు, మాడిన వాసన వీధిలోకే వస్తోంది. ఆయన చేను సగం పోయింది.

నేను కాళ్లు కూడా కడుక్కోలేదు. పది మంది ముందర వాడి మీద చెయ్యెత్తాను. "లెక్క తెల్వకుండ మోటార్ల చెయ్యెట్ల పెట్టినవ్‌రా? నా షాపు పేరు ఖరాబు చేస్తవా?" అని అరిచాను.

వాడు తల వంచుకునే నిలబడ్డాడు. అట్లాగే మెల్లగా అన్నాడు. "పదకొండు నెలలాయె ఉస్తాద్. గన్ని ముచ్చట్లు చెప్పినవ్. ఒక్కటన్న లెక్క చెప్పినవా?"

పట్కారు తీసి దాని చోట పెట్టాడు. చేతులు తుడుచుకుని, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఎంత మాటన్నాడని నేను ఏడాది పాటు వాణ్ని తిడుతూనే ఉన్నాను. నేను మాత్రం ఒకరు చెబితే నేర్చుకున్నానా, దొంగిలించుకోలేదా అని టీ బండి దగ్గర వాదించాను. ఆమె గ్లాసులు కడుగుతూ వినేది. సిగ్గు తెలియడానికి నాకు రెండో ఏడు రావాల్సి వచ్చింది.

అది కూడా నాగర్‌కర్నూల్‌లో తెలిసింది. ఈ యాసంగి మొదట్లో, అక్కడి ఐటీఐకి పోయి పిల్లల్ని అడిగి చూద్దామని బస్సెక్కాను. అక్కడి మాస్టారు మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, బల్ల మీది కాగితాల కట్ట చూపించాడు. అన్నీ నాలాంటి వాళ్లు పంపినవే. "అప్రెంటిస్ కావాలని అందరు అడుగుతుండ్రు సార్. పిల్లలే పోతలేరు. పోయినోళ్లు నెలకే తిరిగొస్తుండ్రు. ఊడ్చుడు, టీలు తెచ్చుడు తప్ప ఏం చెప్తలేరు అంటరు," అన్నాడు. అయినా నన్ను క్లాసులోకి తీసుకుపోయాడు.

నాకు నోరుంది కదా, ఏం భయం? రెండు కథలు చెప్పాను. పిల్లలు బాగా నవ్వారు. ఇక నలుగురైనా నా వెంట వస్తారనుకున్నాను. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక ఆడపిల్ల లేచింది.

"సార్, మీ తాన ఎన్ని నెలలకు మోటార్ మొత్తం మేమే చేయొస్తది?"

"అది నీ చేతి మీద ఉంటది బిడ్డా."

"మా చేతి గురించి కాదు సార్. మీరు ఎప్పుడు చెప్తరు అని అడుగుతున్న."

నేను మాస్టారు వైపు చూశాను. మాస్టారు కిటికీ వైపు చూశాడు. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. తప్పు పట్టాలని కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. దండం పెట్టి క్లాసులోంచి బయటికొచ్చాను. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ పచ్చడి సగం నాకు పెట్టిన ఆ వడ్డేపల్లి పిల్లగాడే కళ్ల ముందు ఉన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనేమో అనుకున్నాను. బస్టాండులో దిగగానే ఒక నోటు పుస్తకం కొన్నాను.

లెక్కలన్నీ అందులో రాసి, తీసుకుపోయి వాడి చేతిలో పెట్టి, మళ్లీ రమ్మని అడగాలని నా ఆలోచన. మర్నాడు మధ్యాహ్నం షట్టరు సగం దించి రాయడానికి కూర్చున్నాను. ఐదు హార్స్ పవర్ మోటారు అని రాశాను. లెక్క రాలేదు! ఇన్నేళ్లు చేత్తో చుట్టిన లెక్క కాగితం దగ్గరికి వచ్చేసరికి మాయమైపోయింది. ముప్పై రెండా? ముప్పై ఆరా? ఈ రెండేళ్లుగా ఒంటరిగా చుట్టేటప్పుడు కూడా ఎన్నోసార్లు మధ్యలో తప్పి, మొత్తం విప్పి మళ్లీ మొదలుపెడుతున్నాను. వయసు మీద పడిందనుకున్నాను. వయసు కాదు. నా లెక్క ఎప్పుడూ నా మాటల కింద నడిచింది. నోరు ఆడితే గానీ వేళ్లకు లెక్క గుర్తుండదు.

ఇంకేం చేయను? ఒక తీగ ముక్క చేతిలోకి తీసుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ స్టూలును చూస్తూ మొదలుపెట్టాను. అనగనగా ఒక పెళ్లికొడుకు, పొంగుతున్న కృష్ణ, ఒక పుట్టి. తెడ్డు ఆగేసరికి వేళ్ల మీద ముప్పై నాలుగు తేలింది. రాసుకున్నాను. ఇంకో మోటారు, ఇంకో కథ.

టీ బండి చెల్లె షట్టరు కింద నుంచి వంగి చూసింది. "ఎవరితోని ముచ్చట అన్నా?"

"ఎవరు లేరు చెల్లె. లెక్క రాస్తున్న."

"లెక్కకు పెండ్లికొడుకెందుకు?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. ఒక టీ పెట్టి వెళ్లింది. పుస్తకం నిండడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఖాళీ స్టూలుకు కథలు చెప్పుకుంటూ ఏడ్చినంత పని చేశాను.

వడ్డేపల్లి పోయేసరికి పిల్లగాడు ఇంటి ముందర ఆటో కడుగుతున్నాడు. పత్తి విత్తనాల మూటలు తోలుతున్నాడట. నన్ను చూసి నీళ్ల పైపు కింద పెట్టాడు. "రా ఉస్తాద్, కూసో," అన్నాడు, ఏ కోపమూ లేనట్టే. వాళ్ల అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. పుస్తకం వాడి చేతిలో పెట్టాను.

వాడు పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగాడు. "ఐదు హార్స్ పవర్‌కు ముప్పై నాలుగా?"

"అవును రా."

"నేను ముప్పై ఒకటి అనుకున్న. దినాం లోపల లెక్కపెట్టెటోన్ని ఉస్తాద్. నువ్వు నవ్విపిచ్చినప్పుడల్ల ఒకటి తప్పేది."

మూడుసార్లు నవ్వాడన్నమాట. ఆ మూడు నవ్వులకే ఆ రైతు చేను ఎండింది, వీడి పని పోయింది, నా స్టూలు ఖాళీ అయింది.

"తప్పు నాది రా. మళ్ల వస్తవా? మొత్తం నేర్పుత. ఏది దాచిపెట్ట," అన్నాను.

వాడు తల ఎత్తి ఆటో వైపు చూశాడు. "ఆటో తీసుకున్న ఉస్తాద్. పెండ్లి కుదిరింది. గిప్పుడు మళ్ల మొదటి నుంచి కూసుంటే ఎట్ల?" అన్నాడు. పుస్తకం మూసి నా సంచిలో వాడే పెట్టాడు. "గిది వచ్చెటోళ్లకు ఇయ్యి. మొదటి రోజే ఇయ్యి."

లేచి బయలుదేరాను. బస్సు దాకా వాడే ఆటోలో దింపాడు. నేను దిగుతుంటే అడిగాడు. "ఒక్కటి చెప్పు ఉస్తాద్. ఆ పుట్టి నడిపేటోడు నడి ఏట్ల పెండ్లికొడుకుతోని ఏమన్నడు? రెండేండ్ల సంది సోంచాయిస్తున్న."

"నాకు తెల్వదు రా," అన్నాను. "మా ఉస్తాద్ గూడ అక్కడ్నే ఆపిండు."

వాడు నమ్మలేనట్టు చూసి, గట్టిగా నవ్వాడు. "అయితే నా పెండ్లికి రా. అప్పటి దాకన్న తయారు చేసుకోని రా," అని ఆటో తిప్పుకున్నాడు.

తిరిగొచ్చాక బోర్డు మీది అక్షరాలకు మళ్లీ ఎరుపు వేశాను. కింద ఇంకో వరస కలిపాను: "మొదటి రోజే లెక్క చెప్పబడును." వేరే ఊళ్ల వైండింగ్ షాపులవాళ్లు వచ్చి చూసి, ముసలోడికి మతి పోయిందని నవ్వుకున్నారు. నాగర్‌కర్నూల్ మాస్టారుకు ఉత్తరం రాశాను, ఆ ఆడపిల్ల అడిగినదానికి జవాబు కూడా అందులోనే రాశాను. ఇంకా ఎవరూ రాలేదు. యాసంగి అయిపోవచ్చింది.

నిన్న ఒక ఐదు హార్స్ పవర్ మోటారు చుట్టాను. కథలు మానేశాను. "ఒకటి" అని పైకే అని, లేచి, నడిచి, అవతల తీగ లాగి, వచ్చి కూర్చుని "రెండు" అన్నాను. వీధిలో పోయేవాళ్లకు కూడా వినబడేట్టు అన్నాను. ముప్పై మూడు దాకా ఎట్లాగో తిరిగాను. ముప్పై నాలుగో చుట్టుకు అవతలికి పోయాక మోకాళ్లు ఇక లేవనన్నాయి. ఆ స్టూలు మీదే కూలబడ్డాను.

గద్వాల విడిచాక ఆ వైపు కూర్చోవడం అదే మొదలు. అక్కడ కూర్చుంటే మోటారు అడ్డం వస్తుంది. ఎదుటి మనిషి నోరు కనబడుతుంది, వేళ్లు కనబడవు. పద్దెనిమిదేళ్లప్పుడు ఇట్లాగే మెడ చాచి, ఉస్తాద్ ఎప్పుడు చెబుతాడా అని ఆ నోటి వైపే చూసేవాణ్ని. చేతిలో తీగ పట్టుకుని, నా ఖాళీ స్టూలు వైపు చూస్తూ, చాలాసేపు అక్కడే కూర్చున్నాను.